ఓవర్‌క్లాక్ చేసిన పాత డెస్క్‌టాప్ క్రాష్ అవుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

"వోల్టేజ్ ఎంత పెంచితే క్రాష్ ఆగుతుంది?" పాత డెస్క్‌టాప్‌ను ఓవర్‌క్లాక్ చేసినవాళ్లు, అంటే కంపెనీ పెట్టిన స్పీడ్ కంటే ఎక్కువలో నడిపేవాళ్లు, మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇదే. ఒకరిది గేమ్ మధ్యలో బిగుసుకుపోతుంది, ఒకరిది ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, ఇంకొకరిది ఏ పనీ లేకుండా వదిలేసినప్పుడే పడిపోతుంది. అందరూ అడిగేది మాత్రం వోల్టేజ్ గురించే. పదేళ్లు దాటిన మెషీన్‌లో ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసిన థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ (కరెంట్ ఇచ్చే పవర్ సప్లై డబ్బా) నీరసించి ఉంటుంది, ర్యామ్ స్లాట్లలో దుమ్ము పేరుకుని ఉంటుంది. వీటిలో ఏదీ వోల్టేజ్ పెంచితే బాగుపడదు. కొన్ని ఇంకా ముదురుతాయి కూడా. కాబట్టి ముందు క్రాష్ ఎలా వస్తోందో, ఎప్పుడు వస్తోందో చూడాలి. సెట్టింగ్‌ల జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

ఇక్కడ పాత డెస్క్‌టాప్ అంటే ఇంటెల్‌లో కోర్ 2 కాలం నుంచి హాస్‌వెల్ దాకా, ఏఎమ్‌డీలో ఫెనమ్ 2, ఎఫ్‌ఎక్స్ కాలం నాటివి. కొత్త ప్రాసెసర్ల లెక్క వేరు, వాటికి ఈ అంకెలు వాడకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్. వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్ వైరు పీకి పక్కన పెట్టండి. ర్యామ్ నిలకడగా లేని సిస్టమ్ క్రాష్ కాకుండానే ఫైళ్లను పాడుచేయగలదు. ఈ పని వాయిదా వేయొద్దు.
- స్పీడ్, వోల్టేజ్, టెంపరేచర్ చూపించే సీపీయూ-జెడ్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో; ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ వేసి పరీక్షించే ప్రైమ్95. వీటితోపాటు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఎక్కించిన ఒక పెన్‌డ్రైవ్.
- థర్మల్ పేస్ట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగులు రాలని గుడ్డ, దుమ్ము దులపడానికి మెత్తటి బ్రష్.
- మదర్‌బోర్డ్ మాన్యువల్, కొత్త సీఆర్2032 కాయిన్ సెల్.
- కాగితం, పెన్ను. మార్చిన ప్రతి సెట్టింగ్, దానికి వచ్చిన ఫలితం రాసుకోవాలి. గుర్తుంటుందిలే అనుకుంటే సాయంత్రానికి అన్నీ కలగాపులగం అయిపోతాయి.

మీ ప్రాసెసర్, బోర్డ్ అసలు ఓవర్‌క్లాక్‌కు పనికొచ్చేవేనా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. ప్రాసెసర్ స్పీడ్ అంటే బేస్ క్లాక్ అనే మూల వేగాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో గుణించగా వచ్చేది. ఉదాహరణకు ఐ5-2500కెలో మల్టిప్లయర్ లాక్ ఉండదు, కానీ దాన్ని హెచ్61 బోర్డ్‌లో పెడితే ఏం లాభం? పీ67, జెడ్68, జెడ్77 లాంటి చిప్‌సెట్ ఉండాలి.

1. ముందు స్టాక్ సెట్టింగ్స్‌కు రండి

స్టాక్ అంటే కంపెనీ నుంచి వచ్చినప్పటి సెట్టింగ్స్. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డ్ సెట్టింగ్స్‌లోకి) వెళ్లి డిఫాల్ట్స్ లోడ్ చేయండి. దానికంటే ముందు సాటా మోడ్ (బోర్డ్ డ్రైవ్‌తో మాట్లాడే పద్ధతి) ఏముందో చూసి రాసుకోండి. పాత బోర్డులు కొన్ని డిఫాల్ట్స్ లోడ్ చేయగానే ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోతాయి. అప్పుడు విండోస్ మొదలవుతూనే 7బీ కోడ్‌తో బ్లూ స్క్రీన్ వస్తుంది. విండోస్ చచ్చిపోయిందని చాలామంది ఫార్మాట్ కొట్టేది ఇక్కడే. సాటా మోడ్‌ను మళ్లీ మొదటిలా పెడితే చాలు, బూట్ అవుతుంది.

గ్రాఫిక్స్ కార్డ్‌ను కూడా ఓవర్‌క్లాక్ చేసి ఉంటే దాన్నీ స్టాక్‌కు తీసుకురండి. మదర్‌బోర్డ్ కంపెనీ ఇచ్చిన ఓవర్‌క్లాకింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో ఉంటే తీసేయండి. మీరు బయోస్‌లో ఒకటి పెడితే అది విండోస్ మొదలయ్యాక ఇంకొకటి పెడుతుంది, తప్పు ఎవరిదో తేలదు. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ స్పీడ్ పెంచే రెడీమేడ్ ప్రొఫైల్) కూడా ఓవర్‌క్లాకే కాబట్టి దాన్నీ ఆపండి.

అసలు స్క్రీనే రావడం లేదంటే సీమాస్ (బయోస్ సెట్టింగ్స్ దాచుకునే మెమరీ) క్లియర్ చేయాలి. సిస్టమ్ ఆపి, పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత కాయిన్ సెల్ తీసి ఐదు నిమిషాలు ఆగండి, లేదా మాన్యువల్‌లో చూపించిన జంపర్ వాడండి. కేబుల్ ఉండగా జంపర్ ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఒకటి రెండు రోజులు మామూలుగా వాడి, ప్రైమ్95 ఒక గంట నడిపి చూడండి. స్టాక్‌లో కూడా క్రాష్ అయితే ఓవర్‌క్లాక్‌ను పక్కన పెట్టి నేరుగా 4, 5, 6 మెట్లకు వెళ్లండి.

2. క్రాష్ అయినప్పుడు కోడ్ కనిపించేలా చేయండి

విండోస్ బ్లూ స్క్రీన్ చూపించి, మనం చదివేలోపే రీస్టార్ట్ అవుతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే ఆప్షన్‌కు టిక్ తీసేయండి. ఇక బ్లూ స్క్రీన్ అలాగే నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కూడా చూడండి. కెర్నల్-పవర్ 41 కనిపించగానే కారణం దొరికిందని సంబరపడకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం, అది మీకు ముందే తెలుసు. పనికొచ్చేది హార్డ్‌వేర్ లోపాలు రాసిపెట్టే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger) ఎంట్రీ. ఐడీ 18 ఉంటే హార్డ్‌వేర్ లోపం సిస్టమ్‌ను పడగొట్టిందని అర్థం. ఐడీ 19 ఉంటే లోపం వచ్చింది కానీ ప్రాసెసర్ సరిదిద్దుకుంది. క్రాష్ ఇంకా రాకపోయినా 19లు వరసగా పడుతుంటే మీ ఓవర్‌క్లాక్ అంచు మీద ఉన్నట్టే.

3. క్రాష్ తీరును బట్టి అనుమానించండి

అన్నిటికంటే ఎక్కువ టైమ్ మిగిల్చే మెట్టు ఇదే.

బ్లూ స్క్రీన్ కోడ్ చివర 124 గానీ 101 గానీ ఉంటే ముందు ప్రాసెసర్ వోల్టేజ్‌ను అనుమానించండి. ఆ స్పీడ్‌కు ఇచ్చింది చాలడం లేదు. పాట ఒకే ముక్క దగ్గర గీరుకుంటూ స్క్రీన్ మొత్తం బిగుసుకుపోవడం కూడా తరచుగా ఈ బాపతే.

1ఏ, 50, 3బీ, 0ఏ లాంటి కోడ్‌లు వస్తుంటే, అదీ ఒక్కోసారి ఒక్కొక్కటి వస్తుంటే, ర్యామ్ వైపు చూడండి. ఈ కోడ్‌లు డ్రైవర్ల వల్లా వస్తాయి. తేడా ఏమిటంటే చెడ్డ డ్రైవర్ సాధారణంగా ఒకే కోడ్‌తో, ఒకే ఫైల్ పేరుతో పడుతుంది. ర్యామ్ అయితే పూటకో పేరు చెబుతుంది.

116 వస్తే అది గ్రాఫిక్స్ కార్డ్ లేదా దాని డ్రైవర్. ప్రాసెసర్ వోల్టేజ్‌తో కుస్తీ పట్టకండి.

బ్లూ స్క్రీన్ అంటూ ఏమీ లేకుండా, స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్, లేదా ప్రాసెసర్ పక్కన ఉండి దానికి కావాల్సిన వోల్టేజ్ అందించే వీఆర్‌ఎమ్ భాగం, లేదా విపరీతమైన వేడి. వోల్టేజ్ బాగా తక్కువైనా ఇలా రీస్టార్ట్ కావచ్చు కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పలేం, 4, 5 మెట్లు రెండూ చూడాలి.

పవర్ నొక్కితే ఫ్యాన్లు తిరిగి, ఆగి, మళ్లీ తిరిగి, మళ్లీ ఆగుతుంటే ర్యామ్ స్పీడ్ లేదా బేస్ క్లాక్ ఎక్కువైంది.

ఇక క్రాష్ కాకుండా నెమ్మదించడం ఒకటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో క్లాక్ స్పీడ్ గమనించండి. ఐ5-2500కె లోడ్‌లో ఉండగానే 1.6 గిగాహెర్ట్జ్‌కు, ఎఫ్‌ఎక్స్-8350 అయితే 1.4కు పడి మళ్లీ లేస్తుంటే అది వేడి లేదా కరెంట్ వల్ల ప్రాసెసర్‌ను బలవంతంగా తగ్గించడం. క్రాష్ లేదు కదా అని వదిలేస్తే, ఓవర్‌క్లాక్ చేసి కూడా స్టాక్ కంటే నెమ్మదిగా నడిచే కంప్యూటర్ మీకు మిగులుతుంది.

4. వేడి సంగతి తేల్చండి

ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ (ప్రాసెసర్‌ను బాగా వేడెక్కించే టెస్ట్) మొదలుపెట్టి, మొదటి పది సెకన్లు టెంపరేచర్ మీదే కన్ను వేయండి. అంకె ఎంత పెరిగింది అన్నదానికంటే ఎంత వేగంగా పెరిగింది అన్నది ముఖ్యం. ఒకటి రెండు సెకన్లలోనే 85 దాటితే కూలర్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య సరైన కాంటాక్ట్ లేదు. పేస్ట్ ఎండిపోయింది, లేదా కూలర్ ఒక మూల లేచి ఉంది. అదే పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కితే కేబినెట్‌లో గాలి ఆడటం లేదు. పక్క తలుపు తీసి మళ్లీ చూడండి. ఐదారు డిగ్రీలకు మించి తగ్గితే తప్పు గాలిదే, పేస్ట్ మార్చి లాభం లేదు.

పేస్ట్ మార్చేటప్పుడు ఒక హెచ్చరిక. ఫెనమ్ 2, ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్లకు పిన్నులు అడుగునే ఉంటాయి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టేసి, కూలర్ పైకి లాగితే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు కొద్దిసేపు సిస్టమ్ నడిపి వేడెక్కనివ్వండి, ఆపి కేబుల్ పీకాక కూలర్‌ను అటూ ఇటూ కొద్దిగా తిప్పి పట్టు వదిలించండి. అప్పుడు ఎత్తండి.

పాత పేస్ట్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, మధ్యలో చిన్న చుక్క పెట్టండి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు. ఇంటెల్ స్టాక్ కూలర్ అయితే నాలుగు పిన్నులూ బోర్డ్ వెనక్కి పూర్తిగా దిగాయో లేదో వెనక నుంచి చూడండి. మూడు దిగి ఒకటి దిగకపోవడం చాలా మామూలు. అయినా స్టాక్ కూలర్‌తో ఓవర్‌క్లాక్ నేను సిఫార్సు చేయను.

ఎంత వేడి వరకు పర్వాలేదు? ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ (2500కె లాంటివి), ఐవీ బ్రిడ్జ్ (3570కె లాంటివి), హాస్‌వెల్‌లకు స్ట్రెస్ టెస్ట్‌లో 80, 85 లోపు ఉంచండి. ఐవీ బ్రిడ్జ్ నుంచి ఇంటెల్ మూత కింద సోల్డర్‌కు బదులు పేస్ట్ వాడింది. అందుకే 3570కె పక్కనే ఉన్న 2500కె కంటే త్వరగా వేడెక్కితే కంగారు పడక్కర్లేదు. ఎఫ్‌ఎక్స్ లెక్క వేరు, అక్కడ 60 దాటుతుంటేనే వెనక్కి తగ్గండి. ఐడిల్‌లో ఎఫ్‌ఎక్స్ చూపించే టెంపరేచర్‌ను నమ్మకండి, ఒక్కోసారి గది వేడి కంటే తక్కువ చూపిస్తుంది.

5. ఎస్‌ఎంపీఎస్, కరెంట్ దారి

ముందు కళ్లతో చూడండి. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్లలో ఏదైనా పైభాగం ఉబ్బిందా? ప్రాసెసర్ పవర్ కనెక్టర్ గోధుమరంగుకు మాడిందా? కెపాసిటర్ ఉబ్బితే ఓవర్‌క్లాక్ అక్కడితో సరి, ఆ బోర్డ్‌ను స్టాక్‌లోనే వాడుకోండి. 8 పిన్ సాకెట్‌లో 4 పిన్ కేబుల్ మాత్రమే పెట్టి ఓవర్‌క్లాక్ చేయడం కూడా తప్పే. ఎఫ్‌ఎక్స్-8350 స్టాక్‌లోనే 125 వాట్ల చిప్, ఓవర్‌క్లాక్ చేస్తే 200 దాటగలదు.

తర్వాత ఒక తేలికైన పరీక్ష. ప్రాసెసర్ టెస్ట్ ఒక్కటే నడపండి. తర్వాత గ్రాఫిక్స్ టెస్ట్ ఒక్కటే. ఆపై రెండూ కలిపి. విడివిడిగా బాగా నడిచి, కలిపినప్పుడే ఠక్కున ఆగిపోతే ఎస్‌ఎంపీఎస్ మీదే అనుమానం బలపడుతుంది. వేరే మంచి ఎస్‌ఎంపీఎస్ ఎవరి దగ్గరైనా దొరికితే ఒక రోజు పెట్టి చూడటం కంటే మంచి పరీక్ష లేదు.

12 వోల్ట్ లైన్ 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. సాఫ్ట్‌వేర్ చూపించే అంకె తప్పు కావచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో 12 వోల్ట్ లైన్‌ను 8 వోల్ట్‌లుగా చూపిస్తే అది సెన్సార్ తప్పు, నిజంగా అంత ఉంటే సిస్టమ్ లేచేదే కాదు. మల్టీమీటర్ వాడటం అలవాటుంటే మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య లోడ్‌లో కొలవండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపల షాక్ కొట్టేంత చార్జ్ నిలిచి ఉంటుంది.

ఎఫ్‌ఎక్స్ వాడేవాళ్లు వీఆర్‌ఎమ్ మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టి చూడండి. పక్క నుంచి గాలి కొట్టే టవర్ కూలర్ పెట్టాక క్రాష్‌లు మొదలైతే కారణం ఇదే కావచ్చు. ఎందుకంటే పాత కూలర్ గాలిని కిందికి తోసి, తెలియకుండానే వీఆర్‌ఎమ్‌ను చల్లబరిచేది.

6. ర్యామ్‌ను విడిగా పరీక్షించండి

ప్రాసెసర్ స్టాక్‌లోనే ఉంచి, మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎర్రరే, "ఒకటే కదా" అనుకోవద్దు. వస్తే ఒక్కో స్టిక్ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి చూడండి. స్టిక్ మారినా ఎర్రర్ అదే స్లాట్‌లో వస్తుంటే స్లాట్ శుభ్రం చేయండి.

ప్రాసెసర్‌ను పెంచేటప్పుడు ర్యామ్‌ను కావాలనే తక్కువలో ఉంచండి. డీడీఆర్3 అయితే 1333 దగ్గర పెడితే సరి. ప్రాసెసర్ పని తేలాక పెంచుకోవచ్చు.

కోర్ 2 వాళ్లు ఇక్కడే ఎక్కువ దెబ్బ తింటారు. క్యూ6600 స్పీడ్ అంటే 266 ఎఫ్‌ఎస్‌బీ (కోర్ 2లో బేస్ క్లాక్ లాంటిది), 9 మల్టిప్లయర్, మొత్తం 2.4 గిగాహెర్ట్జ్. ఎఫ్‌ఎస్‌బీని 333 చేస్తే 3.0 వస్తుంది. కానీ దాంతోపాటు ర్యామ్ కూడా పెరుగుతుంది. 800 స్పీడ్ డీడీఆర్2 స్టిక్‌ను పాత నిష్పత్తిలోనే వదిలేస్తే అది 1000 దగ్గర నడవాల్సి వస్తుంది, లేవదు. మనమేమో ప్రాసెసర్ చాలలేదనుకుని వోల్టేజ్ పెంచుతాం. నిష్పత్తిని 1:1 చేయండి, ర్యామ్ 667కు దిగి నెమ్మదిగా నడుస్తుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫ్రీక్వెన్సీని ఆటోలో వదలకుండా 100 దగ్గర లాక్ చేయండి.

7. ఇప్పుడు ప్రాసెసర్

శాండీ బ్రిడ్జ్, ఐవీ బ్రిడ్జ్‌లలో బేస్ క్లాక్‌ను 100 దగ్గరే వదిలేసి, మల్టిప్లయర్‌తోనే పెంచండి. బేస్ క్లాక్‌తో సాటా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా ముడిపడి ఉంటాయి. 105 దగ్గరే డ్రైవ్ తిక్కతిక్కగా ప్రవర్తించడం మొదలుపెట్టొచ్చు.

వోల్టేజ్‌ను ఆటోలో వదలకండి. ఓవర్‌క్లాక్‌లో ఆటో అంటే బోర్డ్ తన క్షేమం చూసుకుని అవసరానికి మించి పోస్తుంది. వేడి అక్కడి నుంచే వస్తుంది.

పద్ధతి ఇది: మల్టిప్లయర్ ఒక్కటి పెంచండి, ప్రైమ్95 పదిహేను నిమిషాలు నడపండి. నిలబడితే ఇంకొకటి. పడిపోతే వోల్టేజ్ 0.01 లేదా 0.02 పెంచి మళ్లీ చూడండి. ఒకసారికి ఒక్క మార్పే. రెండు మూడు సార్లు పెంచినా మార్పు లేకపోతే వోల్టేజ్ వెంటపడటం మానేసి, మల్టిప్లయర్ ఒకటి తగ్గించండి. ఏ చిప్‌కైనా ఒక గోడ ఉంటుంది. దాని ముందు వరకు 100 మెగాహెర్ట్జ్‌కు కొద్దిపాటి వోల్టేజ్ సరిపోతుంది, అక్కడికి చేరాక అదే 100కు అంతకు రెండు మూడు రెట్లు అడుగుతుంది. ఆ చివరి 100 గేమ్‌లో కంటికి కనబడదు, ఫ్యాన్ మోత మాత్రం వినబడుతుంది.

శాండీ బ్రిడ్జ్‌కు రోజువారీ వాడకంలో 1.35 వోల్ట్ దాటకుండా చూసుకోండి. ఇది వాడేవాళ్లలో స్థిరపడిన హద్దు, ఇంటెల్ ఇచ్చిన గ్యారంటీ కాదు.

బయోస్‌లో 1.30 పెడితే లోడ్‌లో 1.26 కనిపించడం చూసి బోర్డ్ పాడైందనుకోకండి. లోడ్ పడగానే వోల్టేజ్ కాస్త దిగేలా డిజైన్ చేశారు. లోడ్ లైన్ కాలిబ్రేషన్ ఆ దిగుడును తగ్గిస్తుంది. దాన్ని మధ్యస్థంగా ఉంచండి. చిట్టచివరి లెవెల్‌లో పెడితే లోడ్ తీసిన క్షణంలో వోల్టేజ్ మీరు పెట్టినదానికంటే పైకి ఎగరొచ్చు.

టెస్ట్‌లో ఒక వర్కర్ (ఒక్కో కోర్ మీద నడిచే లెక్క) "రౌండింగ్ 0.5" అని చెప్పి ఆగిపోయి మిగతావి నడుస్తుంటే అది కూడా ఫెయిలే. సిస్టమ్ పడిపోలేదు కాబట్టి పాస్ అనుకోవడం నేను చూసిన పొరపాట్లలో అతి సాధారణమైనది. ఆ కోర్ లెక్క తప్పు చేసింది, కాస్త వోల్టేజ్ కావాలి, లేదా స్పీడ్ తగ్గాలి. హాస్‌వెల్ వాళ్లకు కొత్త ప్రైమ్95 వెర్షన్లు ఏవీఎక్స్ (ప్రాసెసర్‌తో ఒకేసారి బోలెడు లెక్కలు చేయించే ఆదేశాలు) వల్ల విపరీతమైన వేడి పుట్టిస్తాయి. ఏవీఎక్స్ లేని 26.6 వెర్షన్ మామూలు వాడకానికి దగ్గరగా ఉంటుంది.

8. ఖాళీగా ఉన్నప్పుడు క్రాష్ అయితే

గంటల తరబడి స్ట్రెస్ టెస్ట్ పాస్ అయి, బ్రౌజర్ తెరిచి వదిలేస్తే పడిపోతోందా? ఆఫ్‌సెట్ పద్ధతిలో (ప్రాసెసర్ తానే అడిగే వోల్టేజ్‌కు కొంత కలిపే లేదా తీసే పద్ధతి) వోల్టేజ్ పెడితే ఐడిల్‌లో అది మరీ కిందికి దిగొచ్చు. తాత్కాలికంగా ఫిక్స్‌డ్ వోల్టేజ్‌కు మార్చండి. క్రాష్‌లు ఆగితే దోషం ఆఫ్‌సెట్‌దే. ఆగకపోతే బయోస్‌లో సీ3, సీ6 స్టేట్స్ (ఖాళీగా ఉన్నప్పుడు కరెంట్ ఆదా చేసే స్థితులు) ఆపి చూడండి. హాస్‌వెల్‌ను అంతకంటే పాత ఎస్‌ఎంపీఎస్‌తో నడుపుతుంటే సీ6, సీ7 ముందే ఆపేయండి. ఐడిల్‌లో ఆ ప్రాసెసర్ లాగే కరెంట్ మరీ తక్కువ, కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లు దానికి తట్టుకోలేక ఆగిపోతాయి.

శాండీ బ్రిడ్జ్ స్లీప్ నుంచి లేవకపోతే బయోస్‌లో ఇంటర్నల్ పీఎల్ఎల్ ఓవర్‌వోల్టేజ్ ఆప్షన్ ఆన్ అయి ఉందేమో చూడండి. దాన్ని ఆపేస్తే కొన్ని బోర్డుల్లో ఈ సమస్య పోతుంది. ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ, సెట్టింగ్స్ మారిపోతుంటే కాయిన్ సెల్ మార్చండి, ఇంకేమీ అక్కర్లేదు.

9. నిజంగా కుదిరిందా?

పదిహేను నిమిషాల టెస్ట్ దారి చూపడానికే. చివరి సెట్టింగ్ దగ్గర స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ రెండు గంటలు, బ్లెండ్ (ర్యామ్‌ను కూడా పరీక్షించే ప్రైమ్95 టెస్ట్) రాత్రంతా నడపండి. తర్వాత మీరు రోజూ చేసే పనే చేయండి: గేమ్, వీడియో ఎడిటింగ్, ఏదైనా. కొన్ని గేమ్‌లు ప్రైమ్95 పట్టుకోలేని తప్పును పట్టుకుంటాయి, ఎందుకంటే వాటిలో లోడ్ క్షణక్షణానికీ ఎగిరిపడుతుంది. వారం తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 19 ఒక్కటీ లేకపోతే కుదిరినట్టే. చలికాలంలో కుదిర్చినవాళ్లు ఎండలు ముదిరాక ఒకసారి మళ్లీ టెంపరేచర్లు చూసుకోండి.

అన్నీ సరిచేశాక కూడా విండోస్ పిచ్చిగా ప్రవర్తిస్తుంటే, అంతకుముందు జరిగిన క్రాష్‌లలో సిస్టమ్ ఫైళ్లు పాడై ఉండొచ్చు. స్టాక్ సెట్టింగ్స్‌లోకి వచ్చి, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టమ్ ఫైల్ చెకర్, ఆ తర్వాత చెక్‌డిస్క్ నడపండి. ఓవర్‌క్లాక్‌లో ఉండగా ఈ రిపేర్ చేయకండి, రిపేర్ చేసే ఫైలే పాడైపోవచ్చు.

కుదిరిన సెట్టింగ్‌ను బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేయండి. బయోస్ అప్‌డేట్ చేస్తే ప్రొఫైల్స్ చెరిగిపోవచ్చు. కాబట్టి ప్రతి సెట్టింగ్స్ పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, సాటా మోడ్ ఉన్న పేజీతో సహా.